పానా పట్టని పది నిమిషాలు

స్టార్ట్ కాని కారు దగ్గరికి వచ్చిన మెకానిక్ ఎవరైనా ముందుగా బోనెట్ ఎత్తుతాడు. మేస్త్రిగారు ఎత్తలేదు. బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, డ్రైవరు పక్క తలుపు తీసి, వంగి హెడ్‌లైట్లు వేశారు. ఎదురుగా మా ప్రహరీ గోడ మీద రెండు వెలుగు మరకలు పడ్డాయి. పొద్దున్న ఆరున్నర, పైగా ముసురు. వెలుతురు ఇంకా పలచగానే ఉంది.

"బాబూ, మీరు కూచుని సెల్ఫ్ కొట్టండి. నేను చాలనేదాకా తాళం వదలొద్దు."

తిప్పాను. టక్‌మని ఒక్క చప్పుడు వచ్చి ఊరుకుంది. ఇంజన్ కదల్లేదు. అప్పుడు గమనించాను: మేస్త్రిగారు నన్ను చూడటం లేదు, బండినీ చూడటం లేదు. గోడకేసి చూస్తున్నారు.

"చాలు" అన్నారు. "బ్యాటరీకేమీ రోగం లేదు. దాన్నెందుకు మార్చారండీ?"

ఆ బండి మా నాన్నగారి అంబాసడర్. 1984 నాటి మార్క్ 4, పెట్రోలుది. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా మీద దశాబ్దాలపాటు తయారుచేసి, 2014 మే నెలలో ఆపేసిన బండి. 1489 సీసీ ఇంజను. దాంట్లో ప్రతి భాగమూ కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది. అందుకే దాన్ని బాగుచెయ్యడం తేలికని అందరూ అనుకుంటారు. విప్పడం తేలిక, నిజమే. ఏది విప్పాలో తెలియడం మాత్రం ఏ బండికైనా ఒకటే కష్టం.

ఆ నెలలో అప్పటికే రెండుసార్లు డబ్బు వదిలింది. మొదటిసారి బండి ఇలాగే టక్‌మని ఊరుకుంటే ఒక షెడ్డుకి తోయించాం. వాళ్ళు బ్యాటరీ పోయిందని కొత్తది వేశారు. రెండు రోజులు బాగా నడిచి మళ్ళీ మొరాయించింది. ఈసారి సెల్ఫ్ పోయిందన్నారు. దించి, ఆర్మేచర్ చుట్టించి, కార్బన్లు మార్చి బిగించారు. మర్నాటికి మళ్ళీ అదే టక్. మోసం చేశారని నేననను. అంతుపట్టనప్పుడు అనుమానమున్న సామాను ఒక్కొక్కటే మార్చుకుంటూ పోవడం మన ఊళ్ళలోనే కాదు, అంతటా ఉన్న అలవాటే. చివరికి నాన్నగారి స్నేహితులొకరు ఆటోనగర్ నుంచి ఈ పెద్దాయన్ని పంపించారు.

విజయవాడ జవహర్ ఆటోనగర్ తెలియనివాళ్ళు తక్కువ. లారీ ఛాసిస్ ఒక పక్క నుంచి వచ్చి బాడీ కట్టించుకుని, రంగులేయించుకుని ఇంకో పక్క నుంచి వెళ్ళే ఊరు అది. రేడియేటర్లకు ఒకరు, స్ప్రింగు కట్టలకు ఒకరు, డీజిల్ పంపులకు ఒకరు, టింకరింగుకు ఒకరు. సెల్ఫూ డైనమో పనిచేసేవాళ్ళు వేరే. మేస్త్రిగారు ఈ చివరి కోవలోంచి వచ్చినవారు. నలభై ఏళ్ళ పైచిలుకు లారీల కరెంటు పనే చేశారు. ఆయన పని దగ్గర్నుంచి చూసే అవకాశం ఆ ముసురు పొద్దున్న నాకు దొరికింది. అప్పట్నుంచి ఎప్పుడు వీలైతే అప్పుడు ఆయన షెడ్డుకెళ్ళి నిలబడి చూస్తూనే ఉన్నాను.

గోడ సంగతి ఆయన మాటల్లోనే చెబుతాను. "సెల్ఫ్ ఏనుగు బాబూ, లైట్లు చీమలు. ఇద్దరూ ఒక్క చెరువులోనే తాగుతారు." హెడ్‌లైట్లు రెండూ కలిసి లాగేది దాదాపు పది ఆంపియర్లు. ఇంజన్ని తిప్పేటప్పుడు సెల్ఫ్ వంద, నూటయాభై దాకా లాగుతుంది. ఇంట్లో ఒకటిన్నర టన్ను ఏసీ లాగేది ఏడెనిమిదే. బ్యాటరీ నీరసించి ఉంటే, ఏనుగు తొండం పెట్టగానే చెరువు అడుగంటుతుంది, లైట్లు కొడిగట్టి ఆరిపోతాయి. సెల్ఫ్ కొట్టినా లైట్లు ధగధగలాడుతూనే ఉన్నాయంటే ఏనుగు అసలు నీళ్ళే తాగలేదన్నమాట. చెరువు నిండుగానే ఉంది, దారిలోనే ఎక్కడో అడ్డం పడింది. మా గోడ మీద వెలుగు కొంచెం తగ్గింది గానీ ఆరలేదు. అంటే ఏనుగుకు కొన్ని గుక్కలు మాత్రం అందాయి.

దీన్నిబట్టి బ్యాటరీ పక్కకెళ్ళిపోయింది. టక్ వినిపించింది గనక తాళమూ, దాన్నుంచి సెల్ఫ్‌కి కరెంటు కలిపే సొలినాయిడ్‌కి వెళ్ళే సన్న తీగా పనిచేస్తున్నాయి. ఆ చప్పుడులో కూడా తేడాలున్నాయి. బ్యాటరీ నీరసమైతే సొలినాయిడ్ పట్టుకున్నది పట్టుకున్నట్టే వదిలేసి, మళ్ళీ పట్టుకుని, టకటకటకమని కొట్టుకుంటుంది. ఒక్కసారే గట్టిగా టక్‌మని ఊరుకుంటే అది పట్టుకునే ఉంది, ఆ తర్వాతి దారి చూడాలి. అసలు చప్పుడే లేకపోతే తాళం వైపు వెతకాలి. ఇంకా బోనెట్ తెరవలేదు. సగం బండిని ఆయన అనుమానాల్లోంచి తీసేశారు.

"మాస్టారూ, హ్యాండిల్ ఉందాండీ?" అని నాన్నగారిని అడిగారు. డిక్కీలో పాత గోనెపట్టాలో చుట్టి ఉంది. తెచ్చి బంపరు కన్నంలోంచి దూర్చి, గేరు న్యూట్రల్లో ఉందో లేదో స్వయంగా చూసుకుని, పట్టుకున్నారు. ఆ పట్టు చూడాలి. నాలుగు వేళ్ళతో పాటే బొటనవేలూ ఒకే పక్కన ఉంచారు. చుట్టూ తిప్పి బిగించలేదు. కింద నుంచి పైకి లాగారు గానీ పై నుంచి కిందికి నొక్కలేదు. ఇంజన్ వెనక్కి తన్నిందంటే బొటనవేలు అడ్డంగా ఉన్నవాడి చెయ్యి విరుగుతుంది. సెల్ఫ్ రాకముందు లోకంలో డ్రైవర్లందరికీ ఉన్న భయం ఇదే. 1912 మోడల్ క్యాడిలాక్‌కి చార్లెస్ కెటరింగ్ కనిపెట్టిన ఎలక్ట్రిక్ సెల్ఫ్ స్టార్టర్ అమర్చాక ఆ భయం మెల్లగా తగ్గింది. పేరులో స్టార్టర్ పోయి మన దగ్గర సెల్ఫ్ మిగిలింది.

తాళం వెయ్యకుండానే నెమ్మదిగా రెండు చుట్లు తిప్పారు. కళ్ళు సగం మూసుకుని ఉన్నారు. నాలుగు సిలిండర్ల ఇంజన్‌కి ప్రతి అర చుట్టుకీ ఒక సిలిండర్ బిగుస్తుంది. ఆ బిగువు హ్యాండిల్ మీద చేతికి తెలుస్తుంది. "నాలుగూ సమానంగా ఉన్నాయి" అన్నారు. ఇంజన్ పట్టెయ్యలేదు. సెల్ఫ్ పళ్ళు ఫ్లైవీల్ పళ్ళలో ఇరుక్కోలేదు. అడగని ప్రశ్నకు కూడా జవాబొచ్చింది: కంప్రెషన్ బాగుంది. ఆ తర్వాత నన్ను తాళం వెయ్యమని, ఒక్క లాగు లాగారు. ఇంజన్ అందుకుంది.

మేం సంతోషపడేలోపే ఆపెయ్యమన్నారు. "అదేంటి, స్టార్టయిందిగా?" అన్నారు నాన్నగారు. "స్టార్ట్ చెయ్యడానికి రాలేదు మాస్టారూ. ఎందుకవట్లేదో చూడ్డానికొచ్చాను."

ఆ ఒక్క లాగుతో పెట్రోలు వైపూ, స్పార్కు వైపూ కూడా తలుపులు మూసేశారు. ఇక మిగిలింది ఒకే ఒక్క దారి: బ్యాటరీ నుంచి సెల్ఫ్ దాకా వెళ్ళి, తిరిగి బ్యాటరీకి చేరే కరెంటు దారి.

ఇక్కడే అసలు ఘట్టం. నాన్నగారు మామూలుగా అన్నారు, "అదృష్టం, చోక్ లేకుండానే అందుకుంది. ఈ మధ్య చోక్ బిగుసుకుపోయి చస్తే రావట్లేదు." నేనైతే ఆ మాట పట్టించుకునేవాణ్ణి కాదు. చోక్ కార్బొరేటర్‌కి సంబంధించింది, మన గొడవ సెల్ఫ్‌ది. మేస్త్రిగారు మాత్రం హ్యాండిల్ తుడుస్తున్నవారల్లా ఆగిపోయారు.

"చోకా? ఎప్పట్నించండీ?"

"నెలైంది."

"సెల్ఫ్ ఎప్పట్నించి ఇలా?"

నాన్నగారు ఆలోచించి, అదీ నెలే అన్నారు.

మేస్త్రిగారు డ్యాష్‌బోర్డు కింద తల దూర్చి, చోక్ పిడి వెనకాల ఉన్న లోహపు తొడుగు మీద రెండు వేళ్ళు ఆనించి, నన్ను మళ్ళీ సెల్ఫ్ కొట్టమన్నారు. టక్. అయిదు సెకన్లు అలాగే పట్టుకోమన్నారు. తర్వాత నా చెయ్యి తీసుకుని అక్కడ పెట్టారు. వేడిగా ఉంది. ఇందాకా చల్లగా ఉన్న చోక్ తీగ, పొయ్యి మీంచి దించిన గరిటె కాడలా వేడెక్కింది. "ఇంజన్ ఆగి ఉండగా చోక్ తీగ ఎందుకు కాగాలి బాబూ?"

దాని వెనక సంగతి ఇది. కార్లో ప్రతి పరికరానికీ బ్యాటరీ నుంచి వెళ్ళే తీగ ఒకటే ఉంటుంది. తిరిగొచ్చే దారి బండి ఇనుమే, దాన్నే ఎర్త్ అంటారు. లైట్లు బాడీకి బిగించి ఉంటాయి గనక వాటి కరెంటు బాడీ మీదుగా సులువుగా బ్యాటరీకి చేరుతుంది. సెల్ఫ్ ఇంజన్‌కి బిగించి ఉంటుంది. ఇంజనేమో అదురు తెలియకుండా రబ్బరు దిమ్మల మీద కూచుంటుంది. రబ్బరు కరెంటు పోనివ్వదు. అందుకని ఇంజన్నీ బాడీనీ కలుపుతూ ఒక రాగి పట్టీ వేస్తారు. జడలా అల్లి ఉంటుంది కాబట్టి షెడ్లలో జడ అంటారు. ఆ జడ తెగితే నూరు ఆంపియర్ల కరెంటు తిరిగి పోవడానికి దారి వెతుక్కుంటుంది. ఇంజన్నీ బాడీనీ కలిపే లోహం ఇంకేముంది? చోక్ తీగ. కార్బొరేటర్ దగ్గర ఒక కొస, డ్యాష్‌బోర్డు దగ్గర ఒక కొస. ఏనుగంత కరెంటు ఆ సన్నటి తీగలో దూరింది. తీగ కాగింది. లోపలి పూత కరిగి చోక్ బిగుసుకుపోయింది. నెల్రోజులుగా బండి తన జబ్బేమిటో చెబుతూనే ఉంది. విన్నవాళ్ళు లేరు.

అప్పుడు బోనెట్ ఎత్తారు. ఆయన వచ్చి పది నిమిషాలయింది. అంతవరకూ చేతిలో పానా లేదు.

ఆ తర్వాత కూడా తొందరపడలేదు. తెలిసిందని తోచడం వేరు, తెలియడం వేరని ఆయన లెక్క. మల్టీమీటరు తీసి, దాని ఒక మొనని బ్యాటరీ ఎర్త్ దిమ్మ మీద పెట్టారు. దిమ్మకి బిగించిన క్లాంపు మీద కాదు, సీసపు దిమ్మ నడినెత్తిన. క్లాంపు మీద పెడితే దిమ్మకీ క్లాంపుకీ మధ్య ఉన్న దోషం లెక్కలోకి రాకుండా తప్పించుకుంటుంది. రెండో మొనని ఇంజన్ మీద రంగులేని బోల్టు తలకాయకి గట్టిగా గుచ్చి పట్టుకున్నారు. సెల్ఫ్ కొట్టమన్నారు. మీటరు తొమ్మిది వోల్టులు దాటింది. ఇంజనూ బ్యాటరీ ఎర్తూ ఒకటే అయితే అక్కడ దాదాపు సున్నా ఉండాలి, మహా అయితే పావు వోల్టు. పన్నెండింట్లో తొమ్మిది తిరుగుదారిలోనే తగలబడిపోతుంటే సెల్ఫ్‌కి మిగిలేది మూడు.

ఇంతకుముందు షెడ్డువాళ్ళు కూడా మీటరు పెట్టి చూశారు, బల్బు పెట్టి చూశారు. ఎర్త్ బాగానే ఉందన్నారు. వాళ్ళకి బల్బు వెలిగింది. ఎందుకు వెలిగిందో కూడా మేస్త్రిగారే చెప్పారు. చిన్న టెస్ట్ బల్బు లాగేది అర ఆంపియరు కూడా ఉండదు. తెగిన జడలో మిగిలిన నాలుగు పోగులు దానికి చాలు. ఓమ్ సూత్రం బడిలో చదువుకున్నవాళ్ళు లెక్క కట్టుకోవచ్చు. ఒక కీలు దగ్గర ఓమ్‌లో నూరో వంతు నిరోధం ఉందనుకోండి. బల్బు కరెంటుకి అక్కడ పోయేది వోల్టులో రెండు వందలో వంతు కంటే తక్కువే, దాన్నెవరూ పట్టించుకోరు. నూటయాభై ఆంపియర్ల సెల్ఫ్ కరెంటుకి అదే కీలు దగ్గర ఒకటిన్నర వోల్టు పోతుంది. అందుకే ఏ తీగనైనా పని చేస్తుండగా కొలవాలి, ఖాళీగా ఉన్నప్పుడు కాదు. ఈ ఒక్క మాట తెలిసి ఉంటే మాకు బ్యాటరీ ఖర్చూ, ఆర్మేచర్ ఖర్చూ మిగిలేవి. మరి రెండుసార్లూ ఒకటి రెండు రోజులు బండి ఎందుకు నడిచిందంటే, సామాను మార్చేటప్పుడు ఇంజన్ చుట్టూ కదిపిన కదుపుకి జడ పోగులు కాస్త ఒకదానికొకటి తగిలి సర్దుకున్నాయి. ఆ తర్వాత మళ్ళీ విడిపోయాయి.

మీటరు చెప్పాక కూడా ఇంకో రుజువు. లావుపాటి జంపర్ కేబుల్ ఒక కొస బ్యాటరీ ఎర్త్ దిమ్మకీ, ఇంకో కొస ఇంజన్‌కీ తగిలించి సెల్ఫ్ కొట్టించారు. గిర్రున తిరిగి ఇంజన్ అందుకుంది. తీయించి కొట్టించారు, టక్. పెట్టించారు, గిర్రు. మూడుసార్లు అటు, మూడుసార్లు ఇటు. అప్పుడు గానీ "సరే" అనలేదు. ఒక్క బోల్టు విప్పకుండా, ఒక్క సామాను మార్చకుండా, ఏది మారిస్తే బండి బాగవుతుందో ముందే బాగుచేసి చూపించారు. నేను చూసిన పనితనాల్లో దీని పక్కన పెట్టదగ్గవి ఎక్కువ లేవు.

జడ విప్పే ముందు బ్యాటరీ ఎర్త్ క్లాంపు ఊడదీశారు. విప్పేటప్పుడు ఎర్త్ ముందు, బిగించేటప్పుడు ఎర్త్ చివర. ఈ వరస తప్పితే పానా బాడీకి తగిలి నిప్పులు చిమ్ముతుంది. బండి కిందికి దూరి తెచ్చిన జడని నా చేతిలో పెట్టారు. పైకి చూస్తే నల్లగా, దుమ్ముపట్టి, మామూలుగానే ఉంది. ఒక కొసని బొటనవేలితో వంచి చూపించారు. బోల్టు కన్నం ఉన్న రేకు పక్కనే పోగులు దాదాపు అన్నీ తెగిపోయి, లోపల రాగి పచ్చటి చిలుము పట్టి పొడిపొడిగా రాలింది. ఇంజన్ వణికిన ప్రతిసారీ ఆ మూల వంగి వంగి, ముప్ఫై ఏళ్ళలో ఒక్కొక్క పోగే తెగింది.

బజార్లో జడ దొరుకుతుంది. ఆయన కొనలేదు, తయారుచేశారు. తన దగ్గర పనిచేసే కుర్రాణ్ణి ఆటోనగర్ పంపి వెల్డింగ్ కేబుల్ ముక్క, రెండు రాగి లగ్గులు తెప్పించారు. వెల్డింగ్ కేబుల్లో పోగులు వెంట్రుకల్లా సన్నగా ఉంటాయి గనక ఎంత వంగినా ఓర్చుకుంటుంది. పొడుగు కొలిచిన పద్ధతి ముచ్చటైంది. జంపర్ కేబుల్ మీద ఇంజన్ నడిపించి, నన్ను యాక్సిలరేటర్ తొక్కి వదలమన్నారు. తొక్కినప్పుడు ఇంజన్ ఎంత ఒరుగుతోందో వంగి చూసి, ఆ ఒరుగుకి తగ్గ వదులు కలిపి కోశారు. బిగుతుగా కోసి ఉంటే ఇదీ కొన్నేళ్ళకి తెగేది.

లగ్గులు నొక్కి బిగించాక కుర్రాడు టంకం కూడా పెడదామన్నాడు. మేస్త్రిగారు కొస మీద ఒక్క బొట్టు పెట్టనిచ్చి, ఇక చాలన్నారు. టంకం తీగలోపలికి పాకితే అక్కడిదాకా పుల్లలా గట్టిపడుతుంది. ఆ గట్టిదనం ఆగిన చోటే విరుగుతుంది. బాడీ మీద జడ కూచునే చోట రూపాయి బిళ్ళంత మేర రంగూ తుప్పూ గరుకు కాయితంతో గీకి, ఇనుము తెల్లగా మెరిసేదాకా ఆపలేదు. పళ్ళ వాషరు వేసి బిగించారు. బిగించిన తర్వాత, ముందు కాదు, పైన పల్చగా వాజలైన్ పూశారు. పని అయ్యాక మీటరు మళ్ళీ అదే చోట పెట్టి సెల్ఫ్ కొట్టించారు. తొమ్మిది చూపించిన చోట పావు వోల్టులో సగమే చూపించింది. చోక్ తీగ పట్టుకుని చూశారు. చల్లగా ఉంది. అది ఎలాగూ కాలిపోయింది గనక కొత్తది వెయ్యమని కుర్రాడికి అప్పగించి, చేతులు కడుక్కుని టీ అడిగారు.

సెల్ఫ్ తిరిగి కూడా ఇంజన్ అందుకోకపోతే అది వేరే లోకం. అక్కడ ఆయనకి మూడే మాటలు: కరెంటు, పెట్రోలు, టైమింగ్. సెల్ఫ్ చప్పుడు మామూలుగా ఎగుడుదిగుడుగా, ప్రతి బిగువు దగ్గరా కాస్త ఆగుతున్నట్టు వస్తుంది. అలా కాక మిక్సీలా ఒకే ఊపున సుయ్యిమని తిరిగిందంటే కంప్రెషన్ లేదు. టైమింగ్ బెల్టున్న బండైతే బెల్టు తెగి ఉండొచ్చు. అప్పుడు ఆయన రెండోసారి సెల్ఫ్ కొట్టనివ్వరు. చప్పుడు సరిగ్గా ఉంటే ప్లగ్గు విప్పి వాసన చూస్తారు. తడిగా, పెట్రోలు వాసనేస్తుంటే పెట్రోలు వస్తోంది, కరెంటు లేదు. పొడిగా ఉంటే పెట్రోలే రావడం లేదు. ప్లగ్గుని ఇంజన్‌కి ఆనించి తిప్పిస్తే నీలంగా, చిటుక్కుమని స్పార్కు రావాలి. ఎర్రగా, సన్నగా వస్తే కాయిలో కండెన్సరో చూడాలి. వానాకాలం డెల్కో మూతలో చెమ్మ చేరుతుంది. పొడిగుడ్డతో తుడిస్తే తీరే జబ్బు అది. మే నెల బెజవాడ ఎండకి ఏసీ పంపులోనే పెట్రోలు ఆవిరై బుడగ కడుతుంది. పాత డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ వేసి పావుగంట చెట్టుకింద కూచునేది అందుకే.

ఈ డెల్కో, ఏసీ అనే మాటలు రెండూ ఎక్కడివో తెలిశాక ఆటోనగర్ మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది. కెటరింగ్ తన భాగస్వామితో కలిసి 1909లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం డేటన్ ఊళ్ళో పెట్టిన కంపెనీ పేరు డేటన్ ఇంజనీరింగ్ లేబొరేటరీస్ కంపెనీ. ఆ పొడి అక్షరాలే డెల్కో. మన మేస్త్రులు డిస్ట్రిబ్యూటర్‌ని ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తారు. పెట్రోలు పంపుకి అతుక్కున్న ఏసీ, ఆల్బర్ట్ ఛాంపియన్ అనే ఫ్రెంచి సైకిల్ పందాల వీరుడు అమెరికా వెళ్ళి పెట్టిన కంపెనీ గుర్తు. అతని పేరులోని మొదటి అక్షరాలవి. ఇంగ్లీషు రాని షెడ్లలో శతాబ్దం నాటి యంత్రాల చరిత్ర ఇలా నోటిమాటగా బతికుంది.

కంప్యూటరున్న కొత్త బండ్ల ముందు ఈ విద్య పనికిరాదనేవాళ్ళున్నారు. నేను కళ్ళారా చూసింది వేరు. ఒక ఇంజెక్షన్ కారు అరగంట నడిచాక ఆగిపోయేది. చల్లబడ్డాక ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది. షెడ్డుకొచ్చేసరికి చల్లబడేది గనక స్కానరులో ఏ కోడూ రావడం లేదు. మేస్త్రిగారు అడిగింది ఒకటే: ఆగిపోయాక సెల్ఫ్ కొడుతుంటే ఆర్‌పీఎం ముల్లు కదులుతోందా? కదలడం లేదని డ్రైవరు గుర్తు తెచ్చుకున్నాడు. ఇంజన్ తిరుగుతున్నట్టు కంప్యూటరుకి చెప్పేది క్రాంక్ సెన్సర్. అది చెప్పకపోతే కంప్యూటరు స్పార్కూ ఇవ్వదు, పెట్రోలూ ఇవ్వదు. మేస్త్రిగారు పక్క సెలూన్ నుంచి జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్ అడిగి తెప్పించి, ఇంజన్ నడుస్తుండగా ఆ సెన్సర్‌కి వేడిగాలి పట్టించారు. అయిదారు నిమిషాల్లో ఇంజన్ ఆగిపోయింది. చల్లటి నీళ్ళ గుడ్డ చుట్టారు, స్టార్టయింది. కనిపించని జబ్బుని పిలిచి రప్పించి, మళ్ళీ పొమ్మన్నారు. ఆ రోజు డ్రయ్యర్ పట్టుకున్న చేతికీ, అంబాసడర్ చోక్ తీగ మీద ఆనిన వేళ్ళకీ మధ్య తేడా ఏముంది?

నాకు బాధ కలిగించే సంగతి ఒకటుంది. మా బండికి బ్యాటరీ మార్చిన షెడ్డుకి బ్యాటరీ మీద లాభం వచ్చింది. ఆర్మేచర్ చుట్టించినందుకు మేం నోరు మెదపకుండా ఇచ్చాం. అసలు తప్పు పట్టుకున్న మేస్త్రిగారికి మాత్రం కేబుల్ ముక్క, రెండు లగ్గులు, చోక్ తీగ ఖరీదు పోను మిగిలింది కూలీ ఒక్కటే. నాన్నగారు ఆయన అడిగినదానికంటే రెట్టింపు ఇచ్చారు గనక సరిపోయింది. మామూలుగా ఏం జరుగుతుందో షెడ్డులో నిలబడి ఎన్నోసార్లు చూశాను. "ఒక్క తీగ బిగించినందుకు ఇంతా?" అంటారు. సామాను చేతికి కనిపిస్తుంది, చూపు కనిపించదు. అందుకే ఆయన దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్ళలో తెలివైనవాళ్ళు కూడా చూడటం మానేసి మార్చడానికి అలవాటుపడుతున్నారు. వాళ్ళని అనడానికి లేదు, డబ్బులు అటే ఇస్తున్నాం.

కారున్న ప్రతివారికీ నా మనవి ఇది. ఫోన్లో "స్టార్ట్ అవట్లేదు" అని ఊరుకోకండి. టక్‌మందా, టకటకమందా, అసలు చప్పుడే లేదా చెప్పండి. సెల్ఫ్ కొట్టినప్పుడు లైట్లు ఆరాయా, నిలిచాయా చెప్పండి. ఈ మధ్య బండిలో వచ్చిన మార్పు ఏదైనా, సంబంధం లేదనిపించినా సరే, చెప్పండి. మీ మేస్త్రి పది నిమిషాలు ఏమీ విప్పకుండా నిలబడి చూస్తుంటే తొందరపెట్టకండి. ఆయన ఒక్క తీగ బిగించి బండి నడిపిస్తే బేరమాడకుండా అడిగినంతా ఇవ్వండి, ఆ పది నిమిషాలకి.